కోతకు ముందు ఒక్క మూత్ర పరీక్ష



మన వాడల్లో నలభై దాటిన ఆడవాళ్ల పొట్టలు చూస్తే చాలు, ఆ జిల్లాలో ఎన్ని నర్సింగ్ హోములున్నాయో అంచనా వేయొచ్చు. పిల్లల ఆపరేషన్ కోత, అపెండిక్స్ కోత, గర్భసంచి కోత. వీటిలో ప్రాణం నిలిపిన కోతలున్నాయి, నేను కాదనను. కానీ కోసిన తర్వాత కూడా అదే నొప్పి తిరిగొస్తే? రెండోసారి కోసినా తిరిగొస్తే? అప్పుడు డాక్టరు నోటి నుంచి ఒక మాట వస్తుంది: "నీకేం లేదమ్మా, అన్ని రిపోర్టులూ నార్మల్. టెన్షన్ తగ్గించుకో." ఇవాళ్టి భాగం ఆ మాట గురించి.

పోయినసారి సికిల్ సెల్ మీద రాశాను. ఆ జబ్బులో వచ్చే కడుపునొప్పిని అపెండిక్స్ అనుకుని కోసిన సంగతులు అందులో ఉన్నాయి. అది చదివి, ఎంబీబీఎస్ మూడో ఏడాది చదివే చెల్లెలొకామె అడిగింది: "అన్నా, సర్జరీ కేసులా కనిపించి, సర్జరీ అక్కర్లేని జబ్బులు ఇంకేమున్నాయి? మాకు పాఠంలో ఒక పేరాలో చెప్పి వదిలేశారు." ఆ ఒక్క పేరాలో ఉండిపోయిన జబ్బు పేరు పోర్ఫిరియా. అందులో ఇలాంటి కడుపునొప్పి తెచ్చే రకాల్లో ఎక్కువగా కనిపించేది అక్యూట్ ఇంటర్మిటెంట్ పోర్ఫిరియా. పేరు పొడుగే గానీ అర్థం సులువు. ఉన్నట్టుండి విరుచుకుపడుతుంది, తగ్గిపోతుంది, మళ్లీ వస్తుంది.

ముందుగా అసలు జబ్బేంటో చెప్తాను. ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది.

మన రక్తం ఎర్రగా ఉండడానికి కారణం హీమ్ అనే పదార్థం. రక్తంలోనే కాదు, కాలేయంలో మందుల్ని, విషాల్ని విరిచేసే ఎంజైములకు కూడా హీమ్ కావాలి. అందుకే కాలేయం దాన్ని తనకు తాను తయారు చేసుకుంటూ ఉంటుంది. ఎనిమిది దశల్లో, ఒక్కో దశకు ఒక్కో ఎంజైము చొప్పున ఆ పని జరుగుతుంది.

మా తాత తోలు ఊనేవాడు. పచ్చితోలు ముందు సున్నం తొట్టిలో పడాలి. వెంట్రుక ఊడాక తంగేడు చెక్క లందలోకి పోవాలి. ఆ తర్వాత ఆరబెట్టాలి. ఒక తొట్టి దగ్గర పనిచేసే చేతులు సగమే ఉన్నాయనుకోండి. మామూలు రోజుల్లో ఏం కాదు, నెమ్మదిగానైనా పని సాగిపోతుంది. కానీ ఒక్కసారిగా పది బండ్ల పచ్చితోళ్లు వచ్చి పడితే? ఆ తొట్టి ముందు కుప్ప పేరుకుంటుంది, కుళ్లుతుంది, వాడంతా కంపు కొడుతుంది. తప్పు తోలుది కాదు, ముందు తొట్టిదీ కాదు. మధ్యలో ఒకచోట చేతులు సగమే ఉన్నాయి, అంతే.

ఈ జబ్బులోనూ అదే జరుగుతుంది. ఎనిమిది దశల్లో మూడో ఎంజైము పుట్టుకతోనే సగం ఉంటుంది. మామూలుగా ఆ సగం సరిపోతుంది. అందుకే ఈ జన్యు మార్పు ఉన్నవాళ్లలో చాలామందికి జీవితంలో ఒక్కసారి కూడా నొప్పి రాదు. కానీ ఏదైనా కారణం వల్ల కాలేయం హీమ్ తయారీని ఒక్కసారిగా పెంచితే, మూడో దశ ముందు రెండు పదార్థాలు పేరుకుంటాయి. ఒకటి ఏఎల్ఏ, రెండోది పీబీజీ. వీటి దెబ్బ నరాల మీద పడుతుంది. పేగుల్ని నడిపే నరాలు, గుండె వేగాన్ని, బీపీని అదుపు చేసే నరాలు, చేతులూ కాళ్లూ కదిపే నరాలు, చివరికి మెదడు కూడా.

మరి కాలేయం హీమ్ తయారీని ఎందుకు పెంచుతుంది? కారణాల పట్టిక చూడండి: తిండి మానేయడం, ఉపవాసం, మద్యం, జ్వరాలు, ఇన్ఫెక్షన్లు, నెలసరికి ముందు రోజుల్లో పెరిగే హార్మోన్లు, కొన్ని గర్భనిరోధక మాత్రలు, ఇంకా కొన్ని మందులు. ఆ మందుల్లో మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపిన్, వాల్‌ప్రోయేట్, ఫినోబార్బిటాల్ ఉన్నాయి. సల్ఫా యాంటీబయాటిక్స్ ఉన్నాయి. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఉంది.

ఈ పట్టిక మన వాడలో నిలబడి చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. జబ్బుకు కులం తెలియదు, నిజమే. పైకులపు ఇంట్లోనూ పుడుతుంది. కానీ దాన్ని నిద్రలేపేవి ఎవరి బతుకులో ఎక్కువ? అందరికీ పెట్టి ఆఖర్న తినే ఆడమనిషి బతుకులో. పొద్దున టీ తాగి పత్తి ఏరడానికి పోయి పొద్దుగూకాక ముద్ద తినే కూలీ బతుకులో. టీబీ ఎక్కువగా తిరిగే ఇరుకు గదుల్లో. జన్యువు చీటీల ఆటలా ఎవరికైనా తగలొచ్చు. ఆకలి అలా పంచబడలేదు.

ఇప్పుడు ఈ జబ్బు ఆసుపత్రి గుమ్మంలో ఎలా కనిపిస్తుందో చూద్దాం.

ఎక్కువగా ఆడవాళ్లు, పదిహేను నుంచి నలభై అయిదేళ్ల మధ్య. భరించలేని కడుపునొప్పి, గంటలు కాదు, రోజుల తరబడి. వాంతులు. మలబద్ధకం. ఎమర్జెన్సీలో చూసేవాళ్లకు వెంటనే తట్టేవి అపెండిక్స్, పేగు మడతపడడం, పిత్తాశయంలో రాళ్లు, అండాశయం మెలితిరగడం. తట్టడంలో తప్పులేదు, తట్టాలి కూడా. కానీ చెయ్యి పెట్టి చూస్తే పొట్ట మెత్తగానే ఉంటుంది. నొక్కితే కేక పెట్టేంత బిగువు ఉండదు. జ్వరం సాధారణంగా ఉండదు. స్కానింగులో ఏమీ కనిపించదు. మనిషి మాత్రం మెలికలు తిరిగిపోతుంటుంది. నొప్పికీ పరీక్షలో కనబడేదానికీ పొంతన కుదరదు. సరిగ్గా ఆ పొంతన కుదరని చోటే డాక్టరుకు అనుమానం రావాలి. మన దగ్గర అనుమానం జబ్బు మీదికి పోదు, మనిషి మీదికి పోతుంది. "నాటకమాడుతోంది", "అత్తగారింట్లో ఏదో గొడవై ఉంటుంది", "ఇంజక్షన్‌కు అలవాటు పడింది" అంటారు.

పొట్టతో పాటు వచ్చే గుర్తులు ఇంకా ఉన్నాయి. గుండె దడదడ కొట్టుకోవడం. వయసుకు మించిన బీపీ. నడుములో, తొడల్లో నొప్పి. నిద్ర పట్టకపోవడం, కంగారు, కొందరికి లేనివి కనపడడం, వినపడడం. రక్తంలో సోడియం పడిపోవడం, దానివల్ల ఫిట్స్. ఆలస్యమైతే చేతులూ కాళ్లూ పడిపోవడం, ఊపిరి తీసే కండరాలు కూడా ఆగిపోవడం. ఇంకొక గుర్తు మూత్రం. పోసినప్పుడు మామూలుగా ఉన్నా, వెలుతురులో కొంతసేపు ఉంచితే ముదురు ఎరుపుకో గోధుమ రంగుకో తిరగొచ్చు. పోర్ఫిరియా అనే పేరే ఊదా రంగును చెప్పే గ్రీకు మాట నుంచి వచ్చింది.

మా వాడలో ఒక అక్క ఉంది. పేరు రాయొద్దంది, కథ మాత్రం రాయమంది. ఇరవై మూడేళ్లప్పుడు మొదటి నొప్పి. పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అపెండిక్స్ తీసేశారు. తీసిన ముక్కను పరీక్షకు పంపితే వాపేమీ లేదని రిపోర్టు వచ్చింది. ఆ కాగితం ఫైలులోనే ఉంది, ఎవరూ చదవలేదు. ఏడాది తిరక్కుండా మళ్లీ అదే నొప్పి. ప్రతిసారీ నెలసరికి మూడు నాలుగు రోజుల ముందు మొదలయ్యేది కాబట్టి ఈసారి తప్పు గర్భసంచిది అన్నారు. ఇద్దరు పిల్లల తర్వాత, ఇరవై ఏడేళ్లకే గర్భసంచి తీసేశారు. అండాశయాలు ఉంచారు. ఉంచితే ప్రతి నెలా హార్మోన్లు ఎక్కడం, దిగడం మామూలే. నొప్పి కూడా మామూలుగానే వచ్చింది. నెలసరి లేదు, నెలనెలా నొప్పి ఉంది. ఇక మనిషికి పిచ్చి అన్నారు.

ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు గ్లూకోజ్ బాటిల్ పెడితే కొంచెం తెరిపి అనిపించేదట. "ఈమెకు గ్లూకోజ్ పిచ్చి" అని నవ్వేవాళ్లు. ఆ నవ్విన విషయంలోనే జవాబు ఉంది. ఒకసారి ఆసుపత్రిలో ఫిట్స్ వచ్చాయి. ఫెనిటాయిన్ ఎక్కించారు. నాలుగు రోజుల్లో చేతులు పైకి లేవలేదు. అప్పుడు హైదరాబాదు తీసుకొచ్చాం. ఫైలు మోసుకుని తిరిగినవాణ్ని నేనే. ప్రభుత్వాసుపత్రిలో ఒక పీజీ డాక్టరమ్మ రాత్రి డ్యూటీలో ఆ ఫైలు మొదటి కాగితం నుంచి చివరిదాకా చదివింది. చదివి ఒక్క ప్రశ్న అడిగింది: "అమ్మా, నొప్పి వచ్చినప్పుడు నీ మూత్రం ఏ రంగులో ఉంటుంది?"

అక్క చెప్పిన జవాబు నాకు ఇప్పటికీ గుర్తే. "ఉచ్చ ఎర్రగ అస్తది మేడం. మూడు దవాఖాన్లల్ల చెప్తనే ఉన్న. కడుపు కోసిండ్రు గని నా మాట ఇనలే."

నల్ల కాగితం చుట్టిన సీసాలో మూత్రం పంపారు. పీబీజీ ఎన్నో రెట్లు ఎక్కువ వచ్చింది. చేతులు మళ్లీ లేవడానికి నెలలు పట్టింది. ఇప్పుడు అక్క జబ్బు పేరు, వాడకూడని మందుల పేర్లు రాసిన కార్డు మెడలో తాళిబొట్టుతో పాటు వేసుకుని తిరుగుతుంది.

ఇది ఒక్క ఊరి కథ కాదు. అమెరికాలో పోర్ఫిరియా రోగుల మీద 2014లో ఒక అధ్యయనం వచ్చింది. మొదటి లక్షణం నుంచి జబ్బు పేరు తెలియడానికి పట్టిన సమయం సగటున 15 ఏళ్లు. రోగుల్లో అయిదింట నాలుగు వంతులు ఆడవాళ్లే. అన్ని పరీక్షలూ దొరికే దేశంలోనే పదిహేనేళ్లు పట్టిందంటే సమస్య యంత్రాలది కాదు, చెవులది.

ఇక్కడ ఒక విషయం విద్యార్థులు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఈ జబ్బులో తప్పుడు ఆపరేషన్ అనవసరపు ఖర్చుతో, మచ్చతో పోదు. ఆపరేషన్ దారే జబ్బును రెచ్చగొడుతుంది. ఎట్లాగంటే, ముందు నోటికి ఏమీ ఇవ్వొద్దంటారు. అంటే పస్తు. సెలైన్ పెడతారు, అందులో చక్కెర ఉండదు. మత్తుకు ఒకప్పుడు అంతటా థయోపెంటాల్ వాడేవాళ్లు, అది ఈ జబ్బుకు నిప్పు మీద నెయ్యి. ఇప్పుడు దాని వాడకం తగ్గింది గానీ, తర్వాత ఇచ్చే యాంటీబయాటిక్, ఫిట్స్ వస్తే ఇచ్చే మందు, ఆపరేషన్ ఒత్తిడి, వీటిలో ఏదైనా చాలు. నొప్పి తగ్గించడానికి వెళ్లిన మనిషి పక్షవాతంతో బయటికి రావచ్చు. రాకపోవచ్చు కూడా.

చరిత్రలోనూ ఇదే వరస. 1889లో నెదర్లాండ్స్‌లో స్టోక్విస్ అనే వైద్యుడు ఒక ముసలామె గురించి రాశాడు. నిద్రకు సల్ఫోనల్ అనే మందు ఇచ్చారు, మూత్రం ముదురు ఎరుపైంది, ఆమె చనిపోయింది. దక్షిణాఫ్రికాలో దీని దగ్గరి చుట్టం లాంటి వేరియేగేట్ పోర్ఫిరియా తెల్లజాతి ఆఫ్రికానర్లలో వెయ్యికి దాదాపు ముగ్గురికి ఉంది. జెఫ్రీ డీన్ అనే వైద్యుడు వంశవృక్షాలు గాలించి, 1688లో కేప్‌లో పెళ్లి చేసుకున్న ఒక డచ్చి జంట దాకా దాని మూలాన్ని పట్టుకున్నాడు. జాతి రక్తం శుద్ధమైనదని చట్టాలు చేసుకున్నవాళ్లలో, ఆ మూసేసిన సమూహం లోపలే ఒక జబ్బు తరతరాలుగా పెరిగింది. కులానికి ప్రాణం అంతర్వివాహమే అని బాబాసాహెబ్ 1916లోనే చెప్పాడు. గీత గీసి లోపల కూర్చున్నవాళ్లకు ప్రకృతి ఏమిస్తుందో ఈ ఉదాహరణ చెబుతుంది.

ఇంకొక ఉదాహరణ చూడండి. ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి వచ్చిన పిచ్చి పోర్ఫిరియా వల్లేనని 1966లో ఇడా మెకాల్పైన్, రిచర్డ్ హంటర్ అనే తల్లీకొడుకులు వాదించారు. ఇద్దరూ మానసిక వైద్యులే. తర్వాత చాలామంది ఆ వాదన నిలవదన్నారు. ఎవరు గెలిచారన్నది నాకు ముఖ్యం కాదు. రాజుగారి మూత్రం రంగు మారిందని ఆస్థాన వైద్యులు రాసిపెట్టారు, దాన్ని చదివి నూట యాభై ఏళ్ల తర్వాత కూడా పండితులు కొట్లాడుకున్నారు. మా అక్క బతికుండి, ఎదురుగా కూర్చుని, నోటితో చెప్తే కేస్‌షీట్‌లో ఒక్క ముక్క రాసినవాడు లేడు.

సరే, పరీక్ష సంగతికి వద్దాం. దీనికి కోట్ల రూపాయల యంత్రం కావాలనుకోకండి. నొప్పి ఉన్నప్పుడే తీసిన మూత్రం, ఒక్కసారి పోసింది చాలు. వెలుతురు తగలకుండా నల్ల కాగితమో వెండి రేకు కాగితమో చుట్టి ల్యాబ్‌కు పంపాలి. పీబీజీ చూడమని, పక్కనే క్రియాటినిన్ కూడా చూడమని రాయాలి. ఏఎల్ఏ కూడా చూడగలిగితే మరీ మంచిది. లెక్క కట్టే సౌకర్యం లేనిచోట ఎర్లిక్ రీఏజెంట్ ఉంది. మెడికల్ కాలేజీ బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్‌లో యూరోబిలినోజెన్ పరీక్షకు మీరంతా చేతులతో వాడేదే. మూత్రంలో పీబీజీ ఎక్కువుంటే అది గులాబీ ఎరుపుకు తిరుగుతుంది. యూరోబిలినోజెన్ కూడా రంగు ఇస్తుంది కాబట్టి రెండింటినీ వేరుచేయడానికి 1941లోనే వాట్సన్, ష్వార్జ్ ఒక పద్ధతి చెప్పారు. అంటే ఈ పరీక్ష వయసు ఎనభై ఏళ్లు దాటింది. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు పీబీజీ మామూలుగా ఉందంటే, ఈ రకం పోర్ఫిరియా దాదాపు కాదన్నట్టే. ఎక్కువొస్తే పెద్ద ల్యాబ్‌లో నిర్ధారించుకుని, తర్వాత జన్యు పరీక్షకు వెళ్లాలి.

ఒక హెచ్చరిక. మూత్రంలో పోర్ఫిరిన్లు మాత్రమే కొంచెం పెరిగాయని పోర్ఫిరియా ముద్ర వేయకూడదు. కాలేయ జబ్బుల్లో, మద్యం వల్ల కూడా అవి పెరుగుతాయి. సీసం విషం కూడా ఇలాంటి కడుపునొప్పే తెస్తుంది. అందులో ఏఎల్ఏ పెరుగుతుంది గానీ పీబీజీ పెద్దగా పెరగదు. పాత బ్యాటరీలు పగలగొట్టే పనిలో మనవాళ్లు ఉన్నచోట ఇది గుర్తుండాలి.

ఇంకో హెచ్చరిక, ఇది కార్యకర్తలకు. ఈ వ్యాసం చదివి "ఆపరేషన్ వద్దు, ముందు మూత్రం పరీక్ష చెయ్యి" అని ఎమర్జెన్సీలో గొడవకు దిగకండి. పోర్ఫిరియా అరుదైనది. యూరప్ లెక్కల్లో లక్షణాలు బయటపడినవాళ్లు పది లక్షల మందికి అయిదారుగురు. అపెండిక్స్ అంతకంటే ఎన్నో రెట్లు మామూలు జబ్బు. పొట్ట బిగుసుకుపోయి, జ్వరంతో ఉన్న మనిషికి ఆపరేషన్ గంట ఆలస్యమైనా ప్రమాదమే. నేను చెప్పేది ఒక్కటే. పొట్ట మెత్తగా ఉండి, స్కాన్‌లో ఏమీ లేక, పాత కోతలు రెండు మూడు కనిపిస్తూ, నొప్పి పదేపదే వస్తున్న మనిషికి, కత్తి పట్టేముందు ఆ సీసా ల్యాబ్‌కు వెళ్లాలి. మిగతా పరీక్షలతో పాటే. దానివల్ల ఎవరికీ నష్టం లేదు.

వైద్యం ఉందా? ఉంది. రెచ్చగొట్టే మందు ఆపడం మొదటిది. రెండోది పిండి పదార్థం, గ్లూకోజ్. రోజుకు కనీసం 300 గ్రాములు. చక్కెర అందితే కాలేయం హీమ్ తయారీ జోరు తగ్గిస్తుంది. ఆర్ఎంపీ పెట్టే 5 శాతం గ్లూకోజ్ అర లీటరు బాటిల్‌లో ఉండేది 25 గ్రాములే. అందుకే అక్కకు తెరిపి వచ్చేది, నయం అయ్యేది కాదు. అలాగని ఊళ్లో పది బాటిళ్లు ఎక్కించకూడదు. సోడియం ముందే పడిపోయి ఉంటుంది, ఉప్పు లేని నీళ్లు ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. ఆసుపత్రిలో లెక్క చూసుకుంటూ ఇవ్వాలి. మూడోది, అసలు మందు, హెమిన్. హీమ్‌నే నేరుగా నరంలోకి ఎక్కించడం. రోజుకొకసారి, సాధారణంగా నాలుగు రోజులు. సరుకు బయటినుంచి వచ్చిందని తెలిసి కాలేయం తన తయారీ తగ్గిస్తుంది, కుప్ప కరుగుతుంది. అమెరికాలో దీనికి 1983లోనే అనుమతి వచ్చింది. నొప్పికి మార్ఫిన్ లాంటి మందులు ఇవ్వొచ్చు, ఇవ్వాలి. "అలవాటు పడుతుంది" అని ఆపడం క్రూరత్వం. పదేపదే వచ్చేవాళ్లకు 2019లో అమెరికాలో గివోసిరాన్ అనే ఇంజక్షన్ వచ్చింది. దాని ధర అక్కడ ఏడాదికి లక్షల డాలర్లు, కాబట్టి మన వాడకు అది ఇంకా వార్తే.

మరి హెమిన్ మనకు హక్కుగా అందదా? ఇది చాలామందికి తెలియదు, అందుకే రాస్తున్నాను. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన జాతీయ అరుదైన వ్యాధుల విధానంలో రెండో గ్రూపు కింద ఈ జబ్బు, దానికి హెమిన్, పేరుతో సహా ఉన్నాయి. 2022లో మార్పు చేశాక ఏ గ్రూపు రోగికైనా 50 లక్షల దాకా సాయం ఇవ్వొచ్చని ఉంది. దానికోసం గుర్తించిన కేంద్రాల్లో హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒకటి. కానీ అక్కడికి చేరాలంటే ముందు జబ్బుకు పేరు ఉండాలి. పేరు పెట్టాల్సిన చోట, అంటే జిల్లా ఆసుపత్రిలో, పరీక్షే లేకపోతే ఆ 50 లక్షలు కాగితం మీదే ఉంటాయి.

ఇక్కడే నా అసలు వాదన. 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ మన ఇళ్లల్లో ప్రాణాలు నిలిపింది, దాన్ని తక్కువ చేయను. కానీ కోతకు ప్యాకేజీ ఉన్నంత సులువుగా, కూర్చుని పాత ఫైలు చదివి ఆలోచించడానికి ప్యాకేజీ లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో సగటున నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అంతకు రెట్టింపు కంటే ఎక్కువ. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌లలో అనవసరంగా గర్భసంచులు తీశారన్న కేసులో 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిస్తూ, కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలకు చెప్పింది. ఆ కోతలన్నీ పోర్ఫిరియా వల్లే అని నేను అనడం లేదు, అది అబద్ధం అవుతుంది. పేద ఆడదాని కడుపునొప్పికి కారణం వెతకడం కంటే అవయవం తీసేయడం సులువైన చోట, అరుదైన జబ్బు అరుదుగా కూడా బయటపడదు అంటున్నాను.

కోత దొరకనిచోట ఇంకొకటి దొరుకుతుంది. లేనివి కనపడుతున్నాయంటుంది, ఒంటరిగా మాట్లాడుతుంది, మూత్రం ఎర్రగా వస్తుంది. మన పల్లెల్లో దీనికి రెడీగా ఉన్న పేరు బాణామతి, చేతబడి, గాలి. ఆ నింద ఎవరి గుడిసె మీద పడుతుందో, చెట్టుకు కట్టేసి ఎవర్ని కొడతారో మీకు చెప్పనక్కర్లేదు. మూఢనమ్మకాల మీద సభలు పెట్టే మిత్రులు తమ ఉపన్యాసంలో ఈ జబ్బు పేరు కూడా చేర్చండి. దయ్యం లేదని చెప్తే జనం సగమే నమ్ముతారు. మరి ఇదేంటో చెప్తే మిగతా సగం నమ్ముతారు.

కుటుంబాల గురించి ఒక మాట. వంశపారంపర్యం అనగానే మనవాళ్లు మేనరికం అంటారు. సికిల్ సెల్‌కు తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ జన్యువు రావాలి. ఇది అలా కాదు, ఒక్కరి నుంచి వచ్చినా చాలు. తల్లికి ఉంటే ప్రతి బిడ్డకూ సగం అవకాశం. తండ్రికి ఉన్నా అంతే. జన్యువు ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జబ్బు బయటపడదు. కాబట్టి ఇది పెళ్లిళ్లు చెడగొట్టే వార్త కాదు, ప్రాణాలు కాపాడే సమాచారం. అక్క కూతురికి పరీక్ష చేయిస్తే ఏం ఒరుగుతుంది? ఉపవాసాలు చేయకూడదని, పొట్ట మాడ్చకూడదని, ఏ మందు వేసుకోకూడదో, ఏ డాక్టరుకైనా ముందే ఏం చెప్పాలో ఆ పిల్లకు తెలుస్తుంది. జబ్బు ఉన్నవాళ్లు బీపీ, కిడ్నీలు చూపించుకుంటూ ఉండాలి, యాభై దాటాక కాలేయం కూడా. అందులో క్యాన్సర్ వచ్చే ప్రమాదం వీళ్లకు ఎక్కువ.

ఇక చేయాల్సిన పని.

మెడిసిన్ చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీ వార్డులో పదేపదే కడుపునొప్పితో వచ్చే మనిషిని అయిదు ప్రశ్నలు అడగండి. ఇంతకుముందు ఎన్నిసార్లు వచ్చింది? నెలసరికి ముందు వస్తుందా? తిండి మానినప్పుడు, కొత్త మందు వాడినప్పుడు వచ్చిందా? మూత్రం రంగు మారుతుందా? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా, ఎవరైనా చేతులూ కాళ్లూ పడిపోయి చనిపోయారా? రెండు నిమిషాల పని. మీ ప్రొఫెసర్ నవ్వితే నవ్వనివ్వండి.

నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో ఉన్నవాళ్లు మీ ఆసుపత్రిలో పీబీజీ పరీక్ష ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే సూపరింటెండెంట్‌కు లిఖితంగా అడగండి. ప్రతి మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో, ప్రతి జిల్లా ఆసుపత్రిలో ఈ పరీక్ష ఉండాలన్నది మన డిమాండ్ పత్రాల్లోకి ఎక్కాలి. హెమిన్ కనీసం రాష్ట్రానికి ఒకచోట నిల్వ ఉండాలన్నది కూడా. రోగి ఐసీయూలో ఉన్నప్పుడు విదేశం నుంచి తెప్పించుకునే మందు, మందు కిందికి రాదు.

కార్యకర్తలారా, మన పని కాగితాల దగ్గర మొదలవుతుంది. వాడలో ఎవరికి ఆపరేషన్ జరిగినా డిశ్చార్జ్ సమ్మరీ, ఆపరేషన్ నోట్స్, తీసిన ముక్క బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి. రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల్లోనే ఉంది. అవన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో, తేదీల వరసలో పెట్టించండి. మా అక్కకు జవాబు దొరికింది ఆ కవర్లోనే. అపెండిక్స్‌లో వాపు లేదన్న ఒక్క కాగితం, నాలుగేళ్లు ఆలస్యంగానైనా, ఒక డాక్టరమ్మ కంటపడింది.

ఈ వారం మీ ఊళ్లో ఒక్క ఇంటికి వెళ్లండి. రెండుకు మించి కోతలుండి, ఇంకా నొప్పితో బాధపడుతున్న అమ్మ ఎవరైనా ఉంటే పక్కన కూర్చుని ఆమె చెప్పేది ముందు పూర్తిగా వినండి. ఫైలు తర్వాత చూడొచ్చు.

వచ్చే భాగంలో రికార్డులు ఇవ్వనన్న ఆసుపత్రి మీద ఎవరికి, ఎలా ఫిర్యాదు రాయాలో నమూనా అర్జీతో సహా పెడతాను.

జై భీమ్.